ఆగని ఫ్యాన్, టక్కున ఆఫ్ అయ్యే సిస్టమ్: సీటీసీలో ఒక రిపేర్ కొట్టు గురించి

ముందు మార్కులు వేసేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరం సీటీసీ అనేది, దాని పై అంతస్తులో ఓ మూలకున్న చిన్న కంప్యూటర్ రిపేర్ కొట్టు. పనితనానికి ఐదుకు ఐదు, చెప్పిన టైముకు ఇవ్వడంలో ఐదుకు రెండు, ఫోన్ ఎత్తడంలో సున్నా. కొట్టు పేరు రాయడం లేదు. రివ్యూ పెడతానన్నా అని అడిగితే "వద్దు తమ్మీ, ఉన్న పనే ఒడుస్తలేదు" అన్నాడాయన. సరే, పేరు లేకపోయినా ఆయన పనిచేసిన తీరు చెప్పుకోవాల్సిందే, ఎందుకంటే అంతకుముందు ఇద్దరు ఇదే సిస్టమ్‌ను చూసి ఇద్దరూ కారణం తెలుసుకోకుండానే మందు రాసేశారు.

సిస్టమ్ మా వదినది. ఉప్పల్ దగ్గర ఇంట్లోనే డీటీపీ చేస్తుంది. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఏదైనా సంఘం వాళ్ల కరపత్రం. పొద్దున్నే ఆన్ చేస్తే రాత్రి దాకా నడుస్తూనే ఉంటుంది. 2016లో అసెంబుల్ చేయించిన డబ్బా, ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, కేబినెట్‌తో పాటే వచ్చిన లోకల్ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై. విండోస్ 10 హోమ్ మాత్రం అప్పట్లో మా అన్నయ్య బిల్లుతో సహా ఒరిజినల్ కొన్నాడు, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో దీనికి పని ఉంది. "అంత పాతదెందుకు, కొత్తది కొనెయ్యొచ్చుగా" అని చాలామంది అన్నారు. కొనొచ్చు. కానీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి, అవి యూనికోడ్ కావు, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తెలుగు బదులు చిందరవందర అక్షరాలు కనిపిస్తాయి. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ సెటప్‌ను కదిలించాలంటే వదినకు ఎంత టెన్షనో డీటీపీ చేసేవాళ్లకే తెలుస్తుంది.

గొడవ రెండు రకాలు. ఏ పనీ చేయకుండా ఖాళీ డెస్క్‌టాప్ మీద వదిలేసినా ఫ్యాన్ హోరు ఆగదు, ముందువైపు హార్డ్ డిస్క్ లైట్ ఆరదు, మౌస్ కదిపితే బాణం గుర్తు ఒక క్షణం ఆగి కదులుతుంది. అది ఒకటి. రెండోది, మధ్యాహ్నం ఎండ ముదిరాక పెద్ద ఫైల్‌ను పీడీఎఫ్ చేస్తున్నప్పుడో, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచినప్పుడో టక్కున ఆఫ్ అయ్యి దానంతటదే మళ్లీ మొదలవుతుంది. నీలం తెర రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు, ఏమీ రాదు. సేవ్ చేయని పని మాత్రం పోతుంది.

మొదట గల్లీ చివర ఉన్న కొట్టుకు తీసుకెళ్లారు, నాకు చెప్పకముందే. అప్పటికి సమస్య ఫ్యాన్ హోరు కాదు, ఉట్టి స్లో మాత్రమే. వాళ్లు 500 తీసుకుని ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. కొన్నాళ్లు బాగానే నడిచింది, ఆ తర్వాతే ఈ హోరు, ఈ ఆఫ్ అవడాలు. మళ్లీ తీసుకెళ్తే మళ్లీ ఫార్మాట్ కొడతామన్నారు. మన దగ్గర ఫార్మాట్ అనేది జ్వరం వచ్చినా కాలు బెణికినా ఒకే గోళీ ఇచ్చే ఆరెంపీ వైద్యం లాంటిది, గోళీ వేసుకున్నాక రెండు రోజులు బాగానే ఉంటుంది కాబట్టి ఎవరూ గట్టిగా అడగరు.

తర్వాత యాప్‌లో బుక్ చేస్తే ఇంటికే వచ్చి చూసే సర్వీస్. పేరు చెప్పను. వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే, చెప్పిన టైముకే వచ్చాడు, చెప్పులు బయటే విప్పి వచ్చాడు, మూత విప్పి బ్లోయర్ కొట్టాడు, ఆన్ చేశాడు, కాసేపు చూశాడు, "మదర్‌బోర్డ్ వీక్ అయింది మేడమ్, ఇది రిపేర్ కాదు, బోర్డూ ప్రాసెసరూ రెండూ మార్చాలి" అన్నాడు. కొటేషన్ 14 వేల చిల్లర. మదర్‌బోర్డ్ అని ఎలా తెలిసింది అని ఫోన్‌లో నేను అడిగితే "ఈ ఏజ్ సిస్టమ్స్‌లో మోస్ట్‌లీ అదే సార్" అన్నాడు. మల్టీమీటర్ బయటకు తీయలేదు, ఒక్క టెస్ట్ నడపలేదు, ఇంకో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడలేదు. విజిటింగ్ చార్జీ 399 తీసుకుని వెళ్లాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, చేతిలో టెస్ట్ చేసే సామానే ఇవ్వకుండా పంపిస్తే ఎవరైనా అంతే చెబుతారు. కానీ వెళ్లే ముందు విండోస్ పాస్‌వర్డ్ అడిగి జాబ్ షీట్ మీద రాసుకున్నాడు చూడండి, అది మాత్రం నాకు నచ్చలేదు. ఆ డిస్క్‌లో వదిన కస్టమర్ల ఆధార్ జిరాక్సుల స్కాన్లు కూడా ఉంటాయి.

ఇక సీటీసీ. ఆఫీసులో ఒకతను నంబర్ ఇచ్చాడు, ఫోన్ చేస్తే ఎత్తడు అని ముందే హెచ్చరించాడు. నిజమే, ఎత్తలేదు. వాట్సాప్‌లో రాస్తే రాత్రి పదకొండు దాటాక వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి, వెనకాల టీవీ శబ్దంతో సహా. మొదటిది: "తమ్మీ, ముందుగాల యూపీఎస్ తీసెయ్. డైరెక్ట్ గోడ ప్లగ్గుకు పెట్టి ఒక పూట నడిపి చూడు." ఇది చిన్న మాటే కానీ నేను దీనికే సగం మార్కులు వేస్తాను. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లో ఉండే చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు మూడేళ్లకే చేతులెత్తేస్తుంది. కరెంటు ఒక్క క్షణం మిణుకుమన్నా బ్యాటరీకి మారబోయి, అక్కడ సత్తువ లేక, సిస్టమ్ ఆఫ్ అవుతుంది. మనం చూసేవాళ్లకు అది కంప్యూటర్ జబ్బులా కనిపిస్తుంది. యూపీఎస్ తీసి చూశాం, అయినా ఆఫ్ అయింది, అంటే తప్పు డబ్బాలోనే ఉందన్నమాట. రూపాయి ఖర్చు లేకుండా ఒక అనుమానం తీరింది.

రెండో మెసేజ్ ఈవెంట్ వ్యూయర్ గురించి, అంటే విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే చిట్టా. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే దాంట్లోకి వెళ్తే, సిస్టమ్ హఠాత్తుగా పోయిన ప్రతిసారీ కెర్నెల్ పవర్ 41 అని ఎర్రగా ఒక వరుస ఉంటుంది. చాలామంది దాన్ని చూసి గూగుల్‌లో వెతికి కంగారుపడతారు. నిజానికి 41 అంటే "నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు" అని విండోస్ మళ్లీ లేచాక రాసుకున్న ఫిర్యాదు, అంతే, కారణం కాదు. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది, అసలు చూడాల్సింది అది. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే విండోస్ తనంతట తనే క్రాష్ అయింది, అప్పుడు డ్రైవర్లు, ర్యామ్ వైపు వెతకాలి, విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ అనే ఫోల్డర్‌లో ఫైళ్లు కూడా దొరుకుతాయి. సున్నా ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే టైమే దొరకలేదు, అంటే ఎక్కువగా కరెంటు సరఫరా, వేడి, లేదా మొత్తం బిగుసుకుపోవడం. వదిన సిస్టమ్‌లో అన్నీ సున్నాలే. ఫొటో తీసి పంపాను, "తీస్కరా" అని జవాబు వచ్చింది.

పార్క్‌లేన్ పార్కింగ్ గురించి చెప్పడానికి నా దగ్గర మంచి మాటల్లేవు. సాయంత్రం ఐదు తర్వాత బైక్ మీద సీపీయూ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎవరైనా కూర్చోవాల్సిందే, కారైతే మర్చిపోండి. పొద్దున పదకొండున్నరకు, షట్టర్లు అప్పుడే లేస్తున్నప్పుడు వెళ్లడం మంచిది. లిఫ్ట్‌లో మానిటర్ల పెట్టెలే ఎక్కుతాయి, మనుషులకు మెట్లే.

కొట్టు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బెంచీ, బెంచీ నిండా విప్పిన డబ్బాలు, గోడకు వేలాడే కేబుళ్లు, ఒక పాత మానిటర్. ఆయనకు యాభై దాటి ఉంటాయి. చూడటానికి 300, రిపేర్ చేయించుకుంటే ఆ 300 బిల్లులో తగ్గిస్తాడు, చేయించుకోకపోతే తీసుకుంటాడు. ఈ మాట మొదటే చెప్పాడు.

ఆయన చేసిన మొదటి పని చూసి నాకు ముచ్చటేసింది. ప్లగ్గుకూ మన సిస్టమ్‌కూ మధ్య ఒక చిన్న వాట్ మీటర్ పెట్టాడు, సిస్టమ్ గోడ నుంచి ఎంత కరెంటు లాగుతోందో చూపించే డబ్బీ, ఆన్‌లైన్‌లో వెయ్యి లోపే దొరుకుతుంది. డెస్క్‌టాప్ వచ్చింది, ఏమీ తెరవలేదు, మీటర్ 70 వాట్లకు అటూ ఇటూ చూపిస్తోంది, ఫ్యాన్ హోరు. "ఇప్పుడు చూడు" అని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాడు. సీపీయూ 4 శాతం, అంతా ప్రశాంతం. మీటర్ కూడా 30 చిల్లరకు పడిపోయింది, ఇంకాసేపటికి ఫ్యాన్ కూడా నెమ్మదించింది. టాస్క్ మేనేజర్ మూసేశాడు. మళ్లీ 70, మళ్లీ హోరు. మళ్లీ తెరిచాడు, మళ్లీ పడింది. వదిన నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఎవడో లోపల కూసున్నడు మేడం. మనం చూస్తుంటే దాక్కుంటడు, చూడకుంటే పని చేస్తడు." క్రిప్టో మైనర్. మన కరెంటుతో, మన ప్రాసెసర్‌తో ఎవరికో నాణేలు తవ్విపెట్టే ప్రోగ్రామ్. టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోయేలా వీటిని రాస్తారు, అందుకే "నేను టాస్క్ మేనేజర్ చూశాను, ఏమీ లేదు" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు నిజంగానే ఏమీ కనపడదు. కానీ గోడ ప్లగ్గు దగ్గర లెక్కను ఏ వైరసూ దాచలేదు. ఈ ఒక్క ఐడియా కోసమే ఆ మీటర్ కొనుక్కోవచ్చు.

హార్డ్ డిస్క్ లైట్ ఎందుకు ఆరడం లేదో కూడా దీంతోనే తేలింది. మొనేరో అనే క్రిప్టో నాణెం 2019 నవంబర్ నుంచి ర్యాండమ్ఎక్స్ అనే పద్ధతిలో తవ్వుతారు. దానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, మామూలు ప్రాసెసర్ చాలు, అందుకే ఇళ్లలోని సిస్టమ్‌ల మీద పడతారు. కానీ పూర్తి వేగంతో నడవాలంటే దానికొక్కదానికే రెండు జీబీకి పైగా మెమరీ కావాలి. ఉన్నదే నాలుగు, అందులో విండోస్ తినేది తినగా మిగిలినది మైనర్ మింగితే, పేజ్‌మేకర్‌కూ బ్రౌజర్‌కూ ర్యామ్ లేక విండోస్ ప్రతిదాన్నీ హార్డ్ డిస్క్‌కు రాయడం, మళ్లీ చదవడం. డిస్క్ ఆగకుండా తిరిగేది అందుకు. డిస్క్ ఆరోగ్యం కూడా చూశాడు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని జపాన్ వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్‌తో. అందులో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్క్‌లో పాడైన, పాడైనట్టు అనుమానమున్న చోట్లు, రెండూ సున్నా, పచ్చగా గుడ్ అని వచ్చింది. కాబట్టి డిస్క్ పాడవలేదు, దాంతో మరీ ఎక్కువ చాకిరీ చేయించారంతే.

మరి మైనర్ ఎలా వచ్చింది? విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, దాని సెట్టింగ్స్‌లో కిందికి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. ఇక్కడ పెట్టినవాటిని విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండర్, తనిఖీ చేయదు. వదిన సిస్టమ్‌లో అక్కడ సీ డ్రైవ్ మొత్తం ఉంది. కాపలావాడిని పెట్టి, ఇంటి లోపల మాత్రం చూడొద్దు అని చెప్పినట్టే కదా. విండోస్ వెర్షన్ చూస్తే హోమ్ కాదు, ప్రో. గల్లీ కొట్టువాళ్లు ఫార్మాట్ కొట్టినప్పుడు అందరికీ వేసే పెన్‌డ్రైవ్‌తోనే ప్రో వేసి, దాన్ని ఒరిజినల్‌లా చూపించడానికి ఒక యాక్టివేటర్ నడిపారు. యాక్టివేటర్ నడవాలంటే డిఫెండర్ నోరు మూయించాలి, నోరు మూయించాక దాంతో పాటు ఇంకేమేం వచ్చినా అడిగే దిక్కు లేదు. వాళ్లు కావాలని మైనర్ పెట్టారని నేను అనను, వాళ్లకూ తెలిసి ఉండదు, ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ఫైల్ అది. కానీ ఒరిజినల్ లైసెన్స్ ఉన్న మెషీన్‌కు దొంగ తాళంచెవి వాడటం ఏమిటో! విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డ్‌కు ముడిపడి ఉంటుంది. డిస్క్ మార్చినా, ఫార్మాట్ కొట్టినా, అదే ఎడిషన్ మళ్లీ వేసి ఇంటర్‌నెట్‌కు కలిపితే కీ అడగకుండా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అంటే ఆ ఇంటికొచ్చిన సర్వీస్ వాళ్ల మాట విని మదర్‌బోర్డ్ మార్చి ఉంటే, బాగున్న బోర్డూ పోయేది, అన్నయ్య కొన్న లైసెన్సూ దాంతోపాటు చిక్కుల్లో పడేది.

మామూలు మెకానిక్ అయితే ఇక్కడ ఆగిపోయేవాడు. వైరస్ దొరికింది, తీసేశాం, 800 ఇవ్వండి. ఈయన ఆగలేదు. "మైనర్ ఉంటే స్లో అయితది, గరం అయితది. కానీ మంచిగున్న సిస్టమ్ ఎంత పని జెప్పినా బంద్ గావొద్దు" అన్నాడు. ఇది చాలా పెద్ద మాట. వీడియో ఎడిట్ చేసేవాళ్ల సిస్టమ్‌లు గంటల తరబడి వంద శాతం మీద నడుస్తాయి, ఆఫ్ అవ్వవు కదా.

వదిన డిస్క్ తీగలు పీకేసి, తన దగ్గరున్న శుభ్రమైన విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్) తగిలించాడు. ఫ్యాన్ గప్‌చుప్. మీటర్ 30 చిల్లర. సరే, హోరు సాఫ్ట్‌వేర్ వల్లే అని రూఢి అయింది. ఇప్పుడు అదే శుభ్రమైన విండోస్ మీద ప్రాసెసర్‌కు బరువు పెట్టే టెస్ట్ నడిపాడు. కాసేపటికి టక్. ఆఫ్. అంటే వైరస్‌తో సంబంధం లేకుండా హార్డ్‌వేర్‌లో కూడా ఒకటుంది. మన ఎస్‌ఎంపీఎస్ పీకి తన బెంచీ మీది ఎస్‌ఎంపీఎస్ తగిలించాడు, మళ్లీ అదే టెస్ట్. ఈసారి ఆగలేదు, మేం కిందికి వెళ్లి చాయ్ తాగి వచ్చినా నడుస్తూనే ఉంది. కాకపోతే ప్రాసెసర్ వేడి 97, 98 డిగ్రీలు చూపిస్తోంది. ఈ ప్రాసెసర్‌కు హద్దు 100. హద్దు దగ్గరికి రాగానే ఇంటెల్ చిప్‌లు తమ వేగం తామే తగ్గించుకుంటాయి, కాలిపోవు, కానీ ఆ వేడంతా డబ్బాలోనే తిరుగుతుంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ విప్పితే, ఆ రెండింటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా రాలింది. తుడిచి కొత్త పేస్ట్ వేసి, రెక్కల మధ్య దుమ్ము బ్రష్‌తో తీసి మళ్లీ నడిపితే 66 దగ్గర నిలబడింది.

ఆ తర్వాత చేసిన పని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంత బాగయ్యాక, పాత ఎస్‌ఎంపీఎస్‌ను మళ్లీ తగిలించాడు. ఎందుకన్నా, పోయిందని తెలిసిపోయింది కదా అంటే, "పేస్ట్ తోని బాగైందా, ఎస్‌ఎంపీఎస్ తోని బాగైందా ఎట్ల తెలుస్తది? నీతోని మూడు వేలు ఊకెనే ఖర్చు పెట్టియ్యాల్నా?" అన్నాడు. చల్లటి ప్రాసెసర్‌తో, శుభ్రమైన విండోస్‌తో, పాత ఎస్‌ఎంపీఎస్ మీద టెస్ట్ పెడితే మళ్లీ ఆఫ్ అయింది. మల్టీమీటర్ పెట్టి చూపించాడు, 12 వోల్ట్ల తీగ బరువు పడ్డాక 11.2కు జారుతోంది. ఎస్‌ఎంపీఎస్‌లకు ఉండే ఏటీఎక్స్ ప్రమాణం లెక్క ప్రకారం ఐదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 కిందికి రాకూడదు. ఒక్కసారి ఒక్కటే మార్చడం, బాగయ్యాక పాతది తిరిగి పెట్టి జబ్బు మళ్లీ వస్తుందో లేదో చూడటం. మార్కులు ఐదుకు ఐదు దీనికే.

పాతదాన్ని ఆయనే విప్పి చూపించాడు, లోపల రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు ఒక మొరటు లెక్క ఉంది, పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. ఇప్పుడు మొత్తం కలిపి చూడండి: మైనర్ వల్ల రోజంతా పూర్తి బరువు, ఎండిన పేస్ట్ వల్ల డబ్బాలో ఆవిరి, హైదరాబాద్ మే నెల, అసలే నాసిరకం ఎస్‌ఎంపీఎస్. హోరు వేరు, ఆఫ్ అవడం వేరు అనుకున్నాం కానీ ఒకటి ఇంకోదాన్ని పెంచి పోషించింది. మధ్యాహ్నాలే ఎందుకు ఆఫ్ అయ్యేదో కూడా తెలిసిపోయింది. ఒక మాట, ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం మీరు ఇంట్లో విప్పకండి. మన 230 వోల్ట్లు లోపల డీసీ అయ్యాక 320కి పైనే ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు నిలిచి ఉంటుంది.

ర్యామ్‌కు రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి ఉంచాడు, తప్పులేమీ రాలేదు. ర్యామ్ పెంచుదామా అని నేనే అడిగితే, ఇప్పుడు రేట్లు మండిపోతున్నాయి, మైనర్ పోయాక నాలుగుతోనే వదిన పని నడుస్తుంది, నడవకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు. అమ్మాల్సినవాడే వద్దంటే నమ్మాలనిపిస్తుంది కదా.

బిల్లు సంగతి. 450 వాట్ల బ్రాండెడ్ ఎస్‌ఎంపీఎస్ 2,700, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,100, పేస్ట్, శుభ్రం, విండోస్ వేయడం కలిపి 900, పాత డిస్క్‌లోని ఫైళ్లు కొత్త విండోస్‌కు మార్చడానికి 500. చూసినందుకు 300 తీసేశాక 5,900. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి కాదని ఆయనే చెప్పాడు, వదినే వేయించుకుంది, వేయించుకున్నాక సిస్టమ్ తెరుచుకునే వేగం చూసి ఇన్నేళ్లూ ఎందుకు ఆగానా అనుకుంటోంది. పాత డిస్క్ ఫైళ్లు దాచుకోవడానికి ఉండిపోయింది. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడగలేదు, వదినను పక్కన నిలబెట్టి "ఏ ఫోల్డర్లు కావాల్నో మీరే జెప్పుండ్రి మేడం" అని అవి మాత్రమే తీశాడు, తీసినవాటిని డిఫెండర్‌తో స్కాన్ చేశాకే ఇచ్చాడు. ప్రోగ్రామ్‌లను నడిపే ఎక్స్ఈ ఫైళ్లు ఒక్కటి కూడా తేలేదు. ఇంటికెళ్లగానే ఫోన్ నుంచి జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చేయమని కూడా చెప్పాడు, మైనర్ వచ్చిన దారిలో పాస్‌వర్డ్ దొంగ కూడా వచ్చి ఉండొచ్చు కాబట్టి.

ఇప్పుడు ఫిర్యాదులు. రేపు సాయంత్రం అన్నాడు, అంతకన్నా చాలా ఆలస్యమైంది, ఆలస్యమవుతుందని తనంతట తను చెప్పడు, మనమే మెసేజ్ పెట్టాలి. వదిన ఆ గ్యాప్‌లో రెండు కార్డుల ఆర్డర్లు వేరేవాళ్లకు ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇంటికి రాడు, ఎంత ఇస్తామన్నా రాడు. చేసిన టెస్ట్‌లకు కాగితం మీద రిపోర్టు ఇవ్వడు, నోటిమాటే, అక్కడ నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. చిట్టీ మీద చేత్తో రాసి ఇచ్చేది వారంటీ అనుకోమంటాడు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో టైప్ చేయడానికి కావాల్సిన అను స్క్రిప్ట్ మేనేజర్ మళ్లీ వేసుకోవడం మన పనే, దాని జోలికి ఆయన రాడు.

కరెంటు లెక్క ఒకటి వేసి చూశాను, సరదాకి. మైనర్ అదనంగా లాగింది సుమారు 40 వాట్లు, రోజుకు పన్నెండు గంటలు, నెలకు పద్నాలుగు యూనిట్ల పైన. పెద్ద మొత్తం కాదు, కానీ తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల గీత దగ్గర్లో ఉన్న ఇంటికి ఆ పద్నాలుగుతో సున్నా బిల్లు పోయి పూర్తి బిల్లు రావచ్చు.

ఇంకో చిన్న విషయం, మూత తాకితే చేతికి జివ్వుమంటోందని వదిన మాటల్లో అంటే, అది సిస్టమ్ తప్పు కాదు, ఇంట్లో ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి అన్నాడు. పిలిచి చూపిస్తే నిజంగానే ఎర్త్ తీగ స్విచ్ బోర్డు దాకా వచ్చి అక్కడ దేనికీ తగిలించకుండా ఉంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆరో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. ఇళ్లలో వాడేవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకునే వీలుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ కనిపిస్తుంది, వదినకు అది చేసి పెట్టాం. ఆ తేదీ తర్వాత బోర్డూ ప్రాసెసరూ మార్చక తప్పదు, ఈ కొత్త ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ అప్పుడూ పనికొస్తాయి.

సీటీసీలో ఎవరి దగ్గరికి వెళ్లినా, డబ్బా ఇచ్చే ముందు మూత విప్పి లోపలి ర్యామ్, బోర్డు స్టిక్కర్లు కనపడేలా ఫొటోలు తీసుకోండి, "ఏం పెట్టి చూసి ఈ మాట చెబుతున్నారు" అని ఒక్కసారి అడగండి, జవాబును బట్టి ఉండాలో వెళ్లాలో మీకే తెలుస్తుంది. బిల్లు అడిగి జీఎస్టీతో రాయించుకోండి, వాళ్లు తమంతట తాము ఇవ్వరు. ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీల వారంటీ కంపెనీది, సీరియల్ నంబర్ బిల్లు మీద ఉంటే సర్వీస్ సెంటర్‌లో వాదన లేకుండా తీసుకుంటారు.